ఎలుగుబంటి కొలత

మా తాత ఎలుగుబంటికి క్షవరం చేశాడంటే మీరు నమ్మరు. నమ్మొద్దు. ఎవరు నమ్మమన్నారు? కానీ ఆ క్షవరాన్ని పట్టుకునే మేం మొగుడూ పెళ్ళాం ఇరవై ఆరేళ్ళు ఒక కట్టని కాపాడుకొచ్చాం. అది మాత్రం నమ్మాలి. మధ్యమధ్యలో ఊఁ అంటూ ఉండండి. ఊఁ కొట్టేవాళ్ళు లేకపోతే నాకు కథ నడవదు. నడవదనే అనుకునేవాణ్ణి, ఆ వానాకాలం దాకా.

కట్ట అంటే పెద్దదేం కాదు. రెండు గుట్టల మధ్య మట్టికట్ట, దాని వెనక చిన్న చెరువు. ఈ చివర నిలబడి తుమ్మితే ఆ చివర కప్పలు ఉలిక్కిపడతాయి, అంతే. మా మామగారు తన పొలం కోసం తనే కట్టించుకున్నాడు. ప్రభుత్వానిది కాదు, పదిమందిదీ కాదు. అంటే ఎలక బొక్క పెట్టినా మనమే పూడ్చుకోవాలి, ముళ్ళకంప మొలిచినా మనమే పీక్కోవాలి, తెగితే కూర్చుని ఏడవాల్సిందీ మనమే. తెగితే నేను ఏడుస్తాను సరే, మా వదిన ఏడవడానికి కూడా మిగలదు. వదిన అంటే మా ఆవిడ అక్క. ఆవిడ ఇల్లు సరిగ్గా కట్ట కింద పల్లంలో. రెండు గదుల పెంకుటిల్లు, వెనక మేకల కొట్టం, మనిషి ఒక్కర్తే. మామగారు పెద్ద కూతురికి ఆ ఇల్లిచ్చాడు, చిన్న కూతురికి ఈ కట్టిచ్చాడు. కట్ట బాగుంటేనే ఇల్లు ఉంటుంది. అక్కాచెల్లెళ్ళు విడిపోకుండా ముడి వేసి పోయాడు ముసలాయన.

కట్ట అడుగున ఒక చోట ఊట ఉంటుంది. ఏ మట్టికట్టకైనా ఉంటుంది లెండి, మనిషికి చెమట పట్టినట్టు. చెమటకి భయం లేదు. అది రోజురోజుకీ ఎక్కువైతేనే, మట్టి కలిసి వస్తేనే భయం. అంటే లోపల ఎక్కడో నీళ్ళకి దారి దొరికిందన్నమాట. అందుకని ఊట నీళ్ళన్నీ ఒక గొట్టంలోంచి పడేట్టు చేసి, దాని కింద బిందె పెట్టి, అది నిండడానికి ఎంత సేపు పడుతుందో రోజూ పొద్దున్నే చూసుకోవాలి. మామగారు పోతూ పోతూ చెప్పిన మాట అదొక్కటే.

ఎంత సేపో తెలియాలంటే గడియారం కావాలి. మా ఇంట్లో గడియారం పెళ్ళైన ఏడాది నుంచీ నాలుగుంపావు దగ్గరే ఉంది. లెక్కపెడదామంటే నాకు ఇరవై దాకా బాగానే వస్తుంది, ఇరవై తర్వాత ఏకంగా ఎనభై వచ్చేస్తుంది. మా ఆవిడకి లెక్క వచ్చు గానీ, పక్కన ఎవరైనా మాట్లాడితే మర్చిపోయేది. నేను మాట్లాడకుండా ఉండనుగా.

చివరికి ఆవిడే దారి కనిపెట్టింది. "నీ నోరు ఎలాగూ ఆగదు. ఆ ఎలుగుబంటి కథ చెప్పు. బిందె నిండేసరికి క్షవరం ఎక్కడిదాకా వచ్చిందో చూద్దాం. అదే మన కొలత" అంది. అని ఊరుకోలేదు. వేలు చూపించి బెదిరించింది. "నీ కథలన్నీ చెప్పిన కొద్దీ ఒళ్ళు చేస్తాయి. దీనికి మాత్రం ఒక్క వెంట్రుక ఎక్కువ మొలవకూడదు."

మొలవలేదు. ఇరవై ఆరేళ్ళు. ఒక ఎలుగుబంటి పెళ్ళికి వెళ్ళాలి, మనిషిలా తయారు చెయ్యమని మా తాత దగ్గరికొస్తుంది. మా తాత నెత్తి దగ్గర మొదలెడతాడు. నెత్తి, చెవులు, మెడ, కుడి చెయ్యి, ఎడమ చెయ్యి, ఛాతీ, బొడ్డు, తొడలు, మోకాళ్ళు, పాదాలు. తర్వాత అది నున్నగా ఇంటికెళ్తే వాళ్ళమ్మ గుర్తుపట్టక కర్ర తీసుకుని తరుముతుంది. ఎండాకాలం చెరువు ఎండిపోయినప్పుడు కథంతా అయిపోయి, వాళ్ళమ్మ తలుపేసుకుని పడుకున్నా బిందె నిండేది కాదు. వానలు పడి చెరువు ఎక్కేకొద్దీ బిందె ముందే నిండుతుంది. మోకాళ్ళ దగ్గర, తొడల దగ్గర, అలా. నిండు చెరువుకి బొడ్డు. ఏ ఏడైనా బొడ్డే. బొడ్డు దాటి పైకి ఎక్కిందా, ప్రమాదం.

తూము దగ్గర చిన్న గది ఉంది, దాని గోడ మీద బొగ్గుతో నిలువెత్తు ఎలుగుబంటిని గీశాను. ఏ రోజు ఎక్కడ నిండితే అక్కడ ఒక గీత. బొమ్మ చూసి మా ఆవిడ, "ఇది మా నాన్నలా ఉందేమిటి?" అంది. నిజంగానే ఉంది.

ఆ ఏడు ఎండాకాలం మొదట్లో మా ఆవిడ పోయింది.

వానలు మొదలైన వారానికి ఒక ఇంజనీరమ్మ వచ్చింది. చిన్న చిన్న కట్టలన్నీ తిరిగి చూసి, ఏం చెయ్యాలో చెప్పి వెళ్ళే ఉద్యోగం ఆ పిల్లది. ఎండైనా వానైనా నెత్తి మీద గొడుగు దించదు. గొడుగమ్మ అని పేరు పెట్టుకున్నా, మనసులోనే.

"ఊట కొలుస్తున్నారా బాబాయ్?"

"రోజూ కొలుస్తున్నానమ్మా."

"నిన్న ఎంత?"

"పాదాలు."

గొడుగు కింద నుంచి నన్నోసారి చూసింది. తూము గదిలోకి తీసుకెళ్ళి ఎలుగుబంటిని చూపించి అంతా చెప్పా. నవ్వు ఆపుకుంది, ఆపుకోలేక నవ్వేసింది, ఫోన్ తీసి ఎలుగుబంటికి ఫోటో కొట్టుకుంది.

"సెకన్లలో కావాలి బాబాయ్ నాకు."

"సెకన్లు నా దగ్గర లేవమ్మా. ఎలుగుబంటి ఉంది."

"కథ రోజూ ఒక్కలాగే చెప్తారా?"

"వెంట్రుక తేడా రాదు."

కాసేపు ఆలోచించింది. "సరే. కొలత ఏదైనా ఫర్వాలేదు, రోజూ ఒకటే అయితే చాలు. బొడ్డు దాటి పైకి వెళ్ళినా, నీళ్ళు మసకగా వచ్చినా నాకు వెంటనే ఫోన్ చెయ్యాలి" అని నా ఫోన్లో తన నంబరు తనే నొక్కి పెట్టింది. మీట నొక్కి పట్టుకుంటే చాలు, నేరుగా ఆవిడకే వెళ్తుంది.

వెళ్ళే ముందు మూడు పనులు చెప్పింది. అలుగు దగ్గర, కట్ట మీద ఉన్న కంప కొట్టెయ్యాలి. ఎలక బొక్కలు పూడ్చాలి. మూడోది చెప్తూ గొట్టం పక్కన ఉన్న తుమ్మ మొద్దుని చెప్పుతో తట్టింది.

"ఇది చచ్చి ఎన్నాళ్ళయింది?"

"ఎనిమిదేళ్ళ కింద గాలివానకి విరిగింది."

"దీన్ని తీసెయ్యాలి బాబాయ్. వేళ్ళు కట్ట లోపలికి పాకి ఉంటాయి. పుచ్చిపోతే గొట్టాల్లా ఖాళీ అయిపోతాయి. నీళ్ళకి అంతకన్నా ఏం కావాలి? వేళ్ళతో సహా తవ్వి తీసి, కొత్త మట్టి పొరలు పొరలుగా వేసి దిమ్మిస కొట్టాలి. చెరువు నిండకముందే."

"రేపే చేస్తా."

"మాటేనా?"

"మాటే."

ఆ మొద్దు పైభాగం అద్దంలా నున్నగా ఉంటుంది. ఎందుకో గొడుగమ్మకి తెలీదు. ఎనిమిదేళ్ళు రోజూ పొద్దున్నే మా ఆవిడ దాని మీదే కూర్చుంది.

కంప అంతా కొట్టేశా. నూట పద్నాలుగు ఎలక బొక్కలు పూడ్చా. సరే, పద్నాలుగు. మొద్దు జోలికి మాత్రం వెళ్ళలేదు. గునపం తీసుకుని రెండుసార్లు వెళ్ళా, రెండుసార్లూ గునపం గట్టుకి ఆనించి, బిందె పెట్టుకుని కథ చెప్పి వచ్చేశా.

మొద్దుకే చెప్పేవాణ్ణి కథ. మొదట్లో చుట్టూ ఎవరూ లేరని చూసుకుని మొదలెట్టేవాణ్ణి. తర్వాత అలవాటైంది. నేను చెప్పుకుంటూ పోవడం, నీళ్ళు పడుతూ ఉండడం. మధ్యలో ఎవరూ ఏమీ అనరు. చెప్పడం అయిపోగానే బిందె ఒంపేసి, బొగ్గుతో గీత గీసి, ఇంటికొచ్చేసేవాణ్ణి. ఒక విషయం మాత్రం వింతగా తోచేది. మా గుమ్మం ముందు ఒక మెట్టురాయి ఉంది. ఆవిడ ఉన్నప్పుడు, ఎండ కాసిన రోజుల్లో మేం ఊట కొలిచి తిరిగొచ్చేసరికి ఆ రాయి మీదికి ఎండొచ్చి, కాలు పెడితే వెచ్చగా తగిలేది. ఇప్పుడు నేనొచ్చేసరికి రాయి ఇంకా నీడలోనే, చల్లగా ఉండేది. ఒంటరివాడికి పొద్దు సాగుతుంది కాబోలు అనుకున్నా. మనసు బాగోలేనప్పుడు అన్నీ అలాగే ఉంటాయి కదా. అంతకుమించి ఆలోచించలేదు.

చెరువు ఎక్కుతూ వచ్చింది. బిందె మోకాళ్ళకొచ్చింది, తొడలకొచ్చింది. చెరువు నిండి అలుగు మీంచి నీళ్ళు జారిన రోజున సరిగ్గా బొడ్డు దగ్గర నిండింది. నాకెంత సంతోషమేసిందంటే గోడ మీద ఎలుగుబంటి పొట్ట తట్టి మరీ వచ్చా. గొడుగమ్మకి ఫోన్ చేశా.

"బొడ్డేనమ్మా! ఏ ఏడైనా బొడ్డే!"

"మంచిది బాబాయ్. మొద్దు తీశారుగా?"

"ఆఁ, ఎప్పుడో తీసేశా. మంచం కోడంత వేరు వచ్చింది."

నాకు అబద్ధం తుమ్ములాంటిది. వచ్చాకే తెలుస్తుంది.

వదిన గురించి చెప్పాలి. నాతో నాలుగు నెలలుగా మాటల్లేవు. మా ఆవిడని పట్నం ఆసుపత్రిలో పెట్టినప్పుడు నేను దగ్గరున్నాను, వదిన ఇక్కడ మేకల్నీ కట్టనీ చూసుకుంటూ ఉండిపోయింది. రోజూ ఫోన్లో అడిగేది, ఎలా ఉందని. "బాగానే ఉంది వదినా. ఇవాళ డాక్టర్నే కసిరింది. ఎల్లుండి వచ్చి నీ మేకల్ని తరుముతుంది చూడు" అనేవాణ్ణి. రోజుకో కబురు కల్పించేవాణ్ణి. అలా చెప్తుంటే నాకూ కాసేపు నిజంగా బాగానే ఉన్నట్టుండేది. ఆ కబుర్లు నమ్మి వదిన రేపు రేపు అనుకుంటూ ఆగిపోయింది. వచ్చేసరికి అయిపోయింది.

అప్పట్నుంచి నాకేమైనా చెప్పాలంటే తన తెల్లమేకకి చెప్తుంది. నేను వినపడేంత దూరంలో ఉన్నప్పుడు చెప్తుంది.

అలుగు పారిన వారానికి కట్ట కింద నిలబడి మేకతో అంటోంది: "ఏమే తెల్లదానా, పైనున్న కబుర్లపోగుకి చెప్పు. మన దొడ్లో కాలు పెడితే దిగబడుతోంది. వాన వెలిసి నాలుగు రోజులైంది, బురద ఆరట్లేదు."

నేనూ మేకకే చెప్పా. "తెల్లదానా, మీ అమ్మకి చెప్పు. నిండు చెరువు కింద నేల ఆ మాత్రం తడిగా ఉంటుంది. కట్ట బాగానే ఉంది."

వదిన మేక తాడు వదిలేసింది. తలెత్తి సూటిగా నన్నే చూసింది.

"అప్పుడూ ఇదే అన్నావు. బాగానే ఉంది అని."

  కట్ట దిగి ఆవిడ దగ్గరికెళ్ళి అన్నా: "నన్ను నమ్మొద్దులే వదినా. రేపు పొద్దున్న వచ్చి నువ్వే చూసుకో. నేను చెప్తా అబద్ధం, ఎలుగుబంటి చెప్పదు."

వస్తుందనుకోలేదు. వచ్చింది. చేతులు కట్టుకుని కాసేపు నిలబడింది, తర్వాత వెళ్ళి మొద్దు మీద కూర్చుంది. అక్కడ కూర్చోకు అని నోటిదాకా వచ్చింది. కూర్చోకపోతే ఇంకెక్కడ కూర్చుంటుందిలే అని ఊరుకుని, బిందె పెట్టి మొదలెట్టా.

"మా తాత కత్తి తీశాడు. ఎలుగుబంటి రాయి మీద కూర్చుంది. ముందు నెత్తి..."

"జుట్టు కాస్త ఉంచమందా, బోడి చెయ్యమందా?" అంది వదిన.

అక్కడ మా ఆవిడ అడిగే ప్రశ్న అది. అదే మాట. అదే చోట. అదే వెటకారం.

"నీకెలా తెలుసు?"

"దానికి ఇంకేం పని? సాయంత్రమైతే నా దగ్గరికొచ్చి, ఇవాళ ఇక్కడ ఆపాను, ఇలా అడిగాను, ఇలా నీళ్ళు నమిలాడు అని చెప్పి చెప్పి నవ్వేది. నాకు నీ కథ కంటే దాని ప్రశ్నలే బాగా వచ్చు. చెప్పు. జుట్టు ఉంచమందా?"

"పెళ్ళికెళ్ళేది బోడిగా వెళ్తుందా? ముందు నాలుగు ఉంగరాలు ఉంచమంది" అన్నా. ఎప్పుడూ చెప్పే జవాబే. నాలుగు నెలల తర్వాత మొదటిసారి చెప్పా. కథ నడిచింది.

"అంత ఒంటికి సబ్బెక్కడిది?"

"ఉన్న ఒక్క సబ్బుబిళ్ళనీ వాగులో వేసి తిప్పాడు. వాగంతా నురగే. ఆ రోజు దిగువన వాళ్ళందరూ సబ్బు లేకుండానే బట్టలు ఉతుక్కున్నారు."

"చెవి తెగలేదా?"

"మా తాత కత్తా! ఆ కత్తి కింద చీమ నిద్రపోయేది."

నిజం చెప్తున్నా, ఎంత హాయిగా ఉందో. అమ్మయ్య, కథకి మళ్ళీ కాళ్ళొచ్చాయి అనుకున్నా. మెడ అయింది. మెడ దగ్గర రెండు ప్రశ్నలుంటాయి, రెండూ అడిగింది. కుడి చెయ్యి మొదలెట్టా. మోచెయ్యి దాకా వచ్చా. పాదం మీద చల్లగా తగిలింది.

కిందికి చూశా. బిందె నిండి పొర్లుతోంది.

"కుడి చెయ్యేగా?" అంది వదిన.

"నువ్వు మరీ ఎక్కువ ఆపావు వదినా. కొలత పాడుచేశావు" అని నవ్వబోయా.

"నేను ఒక్క మాట కూడా ఎక్కువ అడగలేదు. అది అడిగేవే అడిగా."

అవును. అవే అడిగింది. మళ్ళీ బిందె ఒంపి పెట్టి, మళ్ళీ మొదట్నుంచి చెప్పా. మళ్ళీ అడిగింది. మళ్ళీ కుడి చెయ్యే. మోచెయ్యి.

అక్కడే తడి నేల మీద కూర్చున్నా. వేళ్ళు ముడుచుకుని లెక్కపెట్టుకున్నా. బొడ్డు దాకా వచ్చేసరికి మా ఆవిడ నన్ను పదకొండుసార్లు ఆపేది. పదకొండు ప్రశ్నలు, పదకొండు జవాబులు. నేను కథలో ఒక్క వెంట్రుక పెంచలేదు, ఒక్క వెంట్రుక తగ్గించలేదు. కానీ ఆ పదకొండూ లేక, కథ ఎక్కడా ఆగకుండా పరిగెత్తింది. ఇటు కథ పరిగెత్తింది, అటు ఊట పరిగెత్తింది. రెండూ కలిసి ఎప్పటిలాగే బొడ్డు దగ్గరికి చేరాయి. నేను అంతా మామూలే అనుకున్నా. మెట్టురాయి చల్లగా ఎందుకుందో అప్పుడు తెలిసింది.

వదిన బిందెని కాసేపు కదలకుండా ఉంచింది. తర్వాత మెల్లగా ఒంచింది. నీళ్ళన్నీ పోయాక అడుగున ఎర్రమట్టి, వేలితో రాస్తే గీత పడేంత. మా ఆవిడైతే రోజూ కాసేపు తేరనిచ్చి చూసేది. నేను నిండగానే ఒంపేసి పోతున్నా.

ఫోన్ మీట నొక్కి పట్టుకున్నా.

"అమ్మా, కుడి చెయ్యి."

"ఏంటి బాబాయ్?"

"మోచెయ్యి దగ్గరే నిండింది. అడుగున మట్టి కూడా ఉంది. నేను బంకమట్టి మూటలు తెచ్చి ఆ నోరు మూసేస్తా..."

"మూయొద్దు!" గట్టిగా అరిచింది ఆ పిల్ల. "ఇక్కడ మూస్తే ఇంకో చోట పొడుచుకొస్తుంది. నీళ్ళు రానివ్వాలి, మట్టిని రానివ్వకూడదు. నేను ఇసుకా కంకరా తెస్తున్నా. ఈలోగా తూము తెరవండి. మొత్తం కాదు, నాలుగు తిప్పులు. చెరువు ఒక్కసారిగా దిగితే లోపలి గట్టు జారుతుంది. కింద ఎవరైనా ఉంటే పైకి పంపించండి. సరే, ఆ మొద్దు తీసిన చోట ఎలా ఉంది?"

"మొద్దు తియ్యలేదమ్మా."



"తూము తెరవండి బాబాయ్" అంది.

వదిన వైపు తిరిగా. ఆవిడ ఇంకా మొద్దు మీదే కూర్చుని ఉంది.

"వదినా, ఇల్లు వదిలి పైకి రా. ఇప్పుడే. మేకల్ని కూడా తోలుకొచ్చెయ్."

"ఇది కూడా కబురేనా?"

"కాదు."

అంతే అన్నా. నా బతుకులో అంత చిన్న జవాబు నేనెప్పుడూ చెప్పలేదు. ఆవిడ నా మొహంలోకి చూసింది. లేచి, చీర దులుపుకుని, మేకల కొట్టం వైపు నడిచింది. పరిగెత్తలేదు గానీ, ఆగనూలేదు.

తూము చక్రానికి నెలనెలా గ్రీజు రాస్తా. ఆ ఒక్క పనిలో నన్ను మెచ్చుకోవాలి. తిప్పగానే తిరిగింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగు దాకా నాకు లెక్క బాగానే వస్తుంది. కింద కాలవలో నీళ్ళు గొంతు విప్పాయి.

మధ్యాహ్నానికి గొడుగమ్మ ట్రాక్టర్ నిండా ఇసుకా కంకరా వేయించుకుని వచ్చింది. ముందు ఇసుక, దాని మీద సన్న కంకర, దాని మీద ముతక కంకర. ట్రాక్టర్ అబ్బాయి, నేను, వదిన, గొడుగమ్మ నలుగురం పారలు పట్టాం. గొడుగమ్మ గొడుగుని భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని మరీ పార వేసింది. చూడాలి మీరు. పొద్దు వాలేసరికి కంకరలోంచి వచ్చే నీళ్ళు తేటపడ్డాయి. బిందెలో పట్టి, తేరనిచ్చి, ఒంచి చూశాం. అడుగున మట్టి లేదు. మర్నాడూ చూశాం, లేదు. మూడోనాడు పెద్ద వాన పడింది. ముగ్గురం తూము గదిలో నిలబడి చెరువుని చూస్తూ ఉండిపోయాం. జానెడు ఎక్కింది. తర్వాత మళ్ళీ దిగడం మొదలెట్టింది.

చెరువు ఖాళీ అవడానికి పన్నెండు రోజులు పట్టింది. ఆ పన్నెండు రోజులూ వదిన, ఏడు మేకలు మా ఇంట్లోనే. తెల్లది గడియారం తాడు నమిలేసింది. గడియారం కిందపడి ఒకసారి టిక్‌మంది. అయినా నాలుగుంపావే. వదిన రోజూ సాయంత్రం కట్ట మీదికెళ్ళి నీళ్ళు పోతుంటే చూసేది. ఆ ఏడు పంటకి ఆ నీళ్ళే ఆధారం, మాకిద్దరికీ తెలుసు. ఒక్కసారి మాత్రం అంది: "మా నాన్న దీన్ని ఇలా ఎప్పుడూ చూడలేదు." నేను పక్కనే నిలబడ్డా. కబురేమీ చెప్పలేదు.

చెరువు అడుగు ఆరాక మొద్దు తవ్వాం. పైకి అంత గట్టిగా, నున్నగా ఉందా, లోపల బెండు. పెళ్ళలు పెళ్ళలుగా వచ్చేసింది. దాని కింద నా పిడికిలంత బొక్క ఒకటి కట్ట లోపలికి పోయింది. చెయ్యి పెట్టా. భుజం దాకా వెళ్ళింది. లోపల చల్లగా, గోడలు తడిగా తగిలాయి. వేలి చివర ఇంకా ఖాళీయే.

చెయ్యి తీసి గొడుగమ్మ వైపు చూశా. తిడుతుందనుకున్నా. గొడుగు ముడిచింది. ఆ పిల్ల గొడుగు ముడవడం నేను చూడడం అదే మొదలు. వంగి, తన చెయ్యి కూడా పెట్టి చూసింది. చూసి, "ఇక్కడ్నుంచి ఇక్కడిదాకా తవ్వుదాం" అని నేల మీద గీత గీసింది. అంతే.

తవ్వాం. మట్టి పొరలు పొరలుగా వేశాం, దిమ్మిస కొట్టాం. ఒక్కో పొరకి ఒక్కో రోజు.

కట్ట కింద ఇల్లు ఉండకూడదని గొడుగమ్మ పట్టుబట్టింది. వదిన పెంకులూ దూలాలూ విప్పుకుని అవతలి గుట్ట మీదికి మారింది. నేనే మోశా. రెండు వందల పెంకులు ఒకేసారి నెత్తిన పెట్టుకున్నా. సరే, ఇరవై. మా కట్ట మీంచి చూస్తే ఆవిడ పొయ్యి పొగ కనపడుతుంది. పిలిస్తే పలకదు, అంత దూరం. ఇదివరకు కిందికి చూస్తే మనిషి కనపడేది. ఇప్పుడు పల్లంలో గోడల గుర్తులు మాత్రం ఉన్నాయి, వాటి మధ్య గడ్డి.

పై ఏడు చెరువు నిండింది. గొడుగమ్మ మెడలో వేసుకునే చిన్న యంత్రం ఒకటి ఇచ్చింది. మీట నొక్కితే సెకన్లు పరిగెడతాయి, మళ్ళీ నొక్కితే ఆగుతాయి. అంకెలు నాకు చదవడం రాదని, అంకెల బొమ్మలు గోడ మీద వేసి నేర్పింది. ఇప్పుడు ఎలుగుబంటి పక్కనే అంకెలుంటాయి. నా దగ్గర కూడా సెకన్లున్నాయండోయ్.

వదిన ఒకసారి మేకల్ని తోలుకుంటూ ఇటొచ్చి, అటూ ఇటూ చూస్తూ అడిగింది: "పొద్దున పూట నేనొచ్చి కూర్చోనా? ప్రశ్నలన్నీ గుర్తే ఉన్నాయి నాకు."

"వద్దులే వదినా. అంత దూరం నుంచి ఏం వస్తావు? యంత్రం ఉందిగా ఇప్పుడు."

"అవున్లే" అంది. మేకని అదిలిస్తూ వెళ్ళిపోయింది.

పొద్దున్నే వెళ్తా. గొట్టం కింద బిందె పెడతా, యంత్రం మీట నొక్కుతా, కథ మొదలెడతా. మొద్దు ఉన్న చోట ఇప్పుడు నున్నగా కొట్టిన మట్టి, దాని మీద సన్న గడ్డి. మా తాత కత్తి తీస్తాడు, ఎలుగుబంటి రాయి మీద కూర్చుంటుంది. నెత్తి దగ్గరికొచ్చాక ఆగుతా. జుట్టు ఉంచమందా బోడి చెయ్యమందా అనడానికి ఎంత సేపు పడుతుందో అంత సేపు ఆగి, అప్పుడు జవాబు చెప్తా. సబ్బు దగ్గర ఆగుతా. చెవి దగ్గర ఆగుతా. ఆ కాస్త సేపూ నీళ్ళ చప్పుడే ఉంటుంది. యంత్రం మీట నొక్కి అంకె చూసుకుని, గోడ మీద రాసి, మళ్ళీ వచ్చి కథ అందుకుంటా.

మెట్టురాయి ఇప్పుడు నేనొచ్చేసరికి వెచ్చగానే ఉంటోంది.

ఎడమ చంక దగ్గర ఒక ప్రశ్న ఉంది. "చక్కిలిగింతలు పుట్టలేదా దానికి?" అనేది మా ఆవిడ. పుట్టాయి, అది నవ్వింది, ఆ నవ్వుకి రెండు చెట్లు కూలాయి అని నేననాలి. అక్కడ మాత్రం కాస్త ఎక్కువ సేపు ఆగుతా. సెకన్లు ఎలాగూ యంత్రం చూసుకుంటుంది, నేను ఎంత సేపు ఆగినా కట్టకేం కాదు. అక్కడ ఆవిడ నవ్వేది.